పెన్ డ్రైవ్‌కు కాళ్ళు కడిగిన ఇల్లు

మార్కాపురంలో మా ఇంటి వాకిలి పక్కన ఒక నీళ్ళ తొట్టి, దాని అంచు మీద బోర్లించిన చెంబు ఎప్పుడూ ఉండేవి. ఎవరొచ్చినా కాళ్ళు కడుక్కున్నాకే గడప దాటాలి. నాయన పలకల దుకాణం నుంచి అన్నానికి వచ్చేసరికి పాదాలు బూడిద పూసుకున్నట్టు ఉండేవి. పలకరాయి పొడి మా ఊళ్ళో ఎవరినీ వదలదు. అమ్మ చూపు ముందు మా కాళ్ళ మీద పడేది, తర్వాతే మొహం మీదికి వచ్చేది. ఆ తొట్టికి పైన గోడలో ఒక గూడు, ఆ గూట్లో చిన్న స్టీలు పళ్ళెం. ఆ పళ్ళెం పెన్ డ్రైవ్‌లు పెట్టడానికి అంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు.

నేను డిగ్రీలో కంప్యూటర్లు తీసుకున్నాక నాయన ఇంట్లోకి ఒక కంప్యూటర్ కొన్నాడు. మధ్య గదిలో బల్ల మీద పెట్టాం. అమ్మ పాత చీర కత్తిరించి దానికి గౌను లాంటి ముసుగు కుట్టింది. వచ్చిన రెండు నెలలకే దానికి వైరస్ పట్టింది. క్లాసులో స్నేహితురాలి దగ్గర నోట్సు ఎక్కించుకుని తెచ్చిన పెన్ డ్రైవ్ ఆ పని చేసింది. నా ప్రాజెక్టు మొత్తం పోయింది, నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాను. అమ్మ చేటలో కందిపప్పు ఏరుతూ అడిగింది.

"ఏంది పాపా, దాంట్లో పురుగు పడిందా?"

"పురుగు కాదమ్మా. ఎవరో కావాలని రాసి వదిలిన ప్రోగ్రాం. వాళ్ళ కంప్యూటర్లో నుంచి పెన్ డ్రైవ్‌లోకి ఎక్కి, మన దాంట్లోకి దిగింది."

"ఊరంతా తిరిగొచ్చిన దాన్ని అట్లనే లోపలికి తెచ్చినావా? దానికి కాళ్ళు కడిగేది లేదా?"

ఏడుపులోనే నవ్వొచ్చింది. ఉంది, దాన్ని స్కాన్ చేయడం అంటారు, యాంటీవైరస్ అనే ప్రోగ్రాం ఉంటుంది, పెన్ డ్రైవ్ పెట్టగానే తెరవకుండా ముందు దానితో వెతికించాలి అని చెప్పాను. "ఆ, అదే కడిగేది" అని ఆమె మళ్ళీ పప్పు ఏరడంలో పడింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో స్కాన్ అన్న మాట లేదు. కాళ్ళు కడగడమే.

మర్నాడే గూట్లోకి పళ్ళెం వచ్చింది. బయటినుంచి వచ్చిన పెన్ డ్రైవ్ ఏదైనా ముందు అందులో కూర్చోవాలి. నేను వచ్చి దాన్ని తీసుకుని, కాళ్ళు కడిగి, అప్పుడు లోపలికి రానివ్వాలి. పక్కింట్లో గాజుల దుకాణం మామ ఒకసారి కూతురి పెళ్ళి పత్రిక సరిచూడమని పెన్ డ్రైవ్ పట్టుకుని నేరుగా మధ్య గదిలోకి రాబోయాడు. అమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"అన్నా, నువ్వు కడుక్కున్నావు సరే, దానికి కడగలేదు. ఆ గూట్లో పెట్టు."

"ఇదేం చోద్యం చెల్లెమ్మా! దీనికి కాళ్ళేడుండాయి?"

"లేకుండానే ఇన్ని ఇండ్లు తిరిగొచ్చిందా?"

మామ దాన్ని పళ్ళెంలో పెట్టాడు. అందులో నాలుగు వైరస్‌లు దొరికాయి. అమ్మ ఆ సంగతి వీధి వీధంతా చెప్పింది. దాంతో మా ఇంటికి పెన్ డ్రైవ్ తేవడమంటేనే జనానికి జంకు పట్టుకుంది, నాకు మాత్రం తలకొట్టేసినట్టు ఉండేది. కంప్యూటర్ చదివే దాన్ని నేను, పేరు మాత్రం ఆమెకు.

ఇంకోసారి స్పైవేర్ గురించి చెప్పి తప్పు చేశాను. కొన్ని ప్రోగ్రాములు లోపల కనపడకుండా కూర్చుని, మనం ఏం చేస్తున్నామో చూసి, నెట్ ద్వారా ఎవరికో చేరవేస్తాయమ్మా అన్నాను. అమ్మ కంప్యూటర్ వైపు అనుమానంగా చూసింది. అది మొదలు మా మేనత్త గురించి ఏదైనా చెప్పాలంటే ముందు కంప్యూటర్ ఆపించేది. "దాన్ని ఆర్పు, నీకొక మాట చెప్పాల" అనేది. అదేమీ మన మాటలు వినడం లేదమ్మా అంటే, "చూస్తదని నువ్వే అంటివి, చూసేదానికి వినేదెంతసేపు?" అని నా నోరు మూయించేది. తర్వాత్తర్వాత వినే స్పైవేర్‌లు కూడా ఉంటాయని నేను చదువుకున్నాను. ఆ మాట ఆమెతో అననే లేదు.

అసలు చెప్పాలనుకున్నది ఆమె పాటల గురించి.

అమ్మది కొమరోలు దగ్గర ఒక పల్లె. వాన పడితే పంట, లేకపోతే గొర్రెలు. పెళ్ళయి మార్కాపురం వచ్చేదాకా ఆమె చేనులోనే పెరిగింది. కలుపు తీసేటప్పుడు పాడే పాటలు, గొర్రెలను మళ్ళించేటప్పుడు పాడేవి, మబ్బు పట్టి కురవకుండా పోతే దాన్ని తిట్టే పాట ఒకటి, ఇవన్నీ వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది. అవ్వ పోయాక ఆ పాటలు తెలిసిన మనిషి ఇంకెవరూ మిగల్లేదు. మా ఇంట్లో పాడే అలవాటు ఎవరికీ లేదు. అందుకని అమ్మ ఎవరూ లేనప్పుడే పాడుకునేది. నేను కాలేజీ నుంచి తొందరగా వచ్చిన రోజు వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూ నీళ్ళ చప్పుడు కాకుండా చెంబు వంచి వినేదాన్ని. లోపలికి అడుగు పెట్టగానే పాట ఆగిపోయేది.

రెండో సంవత్సరంలో ఒక మైకు ఉన్న హెడ్‌ఫోన్ కొనుక్కున్నాను. అమ్మను బతిమాలి బతిమాలి ఒప్పించడానికి పదిహేను రోజులు పట్టింది. చివరికి ఒక షరతు పెట్టింది. పాటలు ఈ ఇంటి గడప దాటకూడదు, ఎవరికీ ఎక్కించి ఇవ్వకూడదు. "నా గొంతు ఊరి మీద పడి తిరగడం నాకిష్టం లేదు పాపా" అంది. సరేనని చేతిలో చెయ్యి వేశాను.

మధ్యాహ్నాలు నాయన దుకాణానికి పోయాక రికార్డు చేసేవాళ్ళం. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేవాళ్ళం. ఎండాకాలం, ఇద్దరికీ చెమటలు కారేవి. అమ్మ ముందు కాళ్ళు కడుక్కుని, తల దువ్వుకుని, బొట్టు సరిచేసుకుని వచ్చి ముక్కాలిపీట మీద కూర్చునేది. వినేదే కానీ కనపడదమ్మా అంటే, "అయినా గానీ" అనేది. వెనక వీధిలో పలకలు కోసే చప్పుడు మొదలైతే సగంలో ఆపి, అది ఆగేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. పాట అయిపోగానే మైకులోకే కొంచెం భయంగా "అయిందా?" అని అడిగేది. ప్రతి పాట చివరా ఆ మాట ఉండేది. దాన్ని కత్తిరించడం నాకు వచ్చు, అయినా కత్తిరించలేదు.

అట్లా పదకొండు పాటలయ్యాయి. "అమ్మ" అని ఒక ఫోల్డర్‌లో పెట్టాను. ఆమె పుట్టింటికి పోయి నాలుగు రోజులు ఉంటే, కాలేజీ నుంచి రాగానే హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ ఫోల్డర్ తెరిచేదాన్ని. మబ్బును తిట్టే పాటలో ఒకచోట ఆమెకు నవ్వొస్తుంది, ఆపుకుని మళ్ళీ అందుకుంటుంది. ఆ చోటు కోసమే మళ్ళీ మళ్ళీ పెట్టుకునేదాన్ని. ఇప్పుడు ఆ చోటు ఏ మాట దగ్గర వచ్చేదో నాకు గుర్తులేదు. ఎంత తలుచుకున్నా రావడం లేదు.

ఆ సంవత్సరం నాయన తోటి దుకాణదారులతో కలిసి శ్రీశైలం పోయి వచ్చాడు. దారిలో దోర్నాల దగ్గర టిఫినుకు ఆగినప్పుడు రోడ్డు పక్క బండి మీద స్వామి పాటల సీడీ ఒకటి కొన్నాడు. ఆ బండి వాడు ఎక్కడ ఎవరి కంప్యూటర్ మీద కాపీ కొట్టుకున్నాడో ఏమో, పైన స్వామి బొమ్మ మాత్రం నిండుగా ఉంది. అది కూడా విభూతి, కుంకుమ, లడ్డు ఉన్న సంచిలోనే వచ్చింది. నాయన కాళ్ళు కడుక్కున్నాడు గానీ సంచి గూట్లో ఆగలేదు, నేరుగా దేవుడి అలమరలోకి పోయింది. అమ్మ సీడీ కవరుకు కుంకుమ బొట్టు పెట్టి నా చేతికిచ్చింది.

"పెట్టు పాపా, విందాం."

నేను దాన్ని డ్రైవులో పెట్టబోతూ ఆగి, "ముందు కాళ్ళు కడగాల మా" అన్నాను. ఆ మాట అన్నందుకు నిజంగానే నొచ్చుకుంది.

"శ్రీశైలం నుంచి వచ్చినదానికి కాళ్ళు కడిగేదేంది? తీర్థానికి ఎవరన్నా కడుగుతారా? కండ్లకద్దుకొని పెట్టు."

కళ్ళకద్దుకున్నాను. ఆమె కోసమే అట్లా చేశానని చాలాకాలం అనుకున్నాను. అది పూర్తి నిజం కాదు. చదువుకున్నదాన్ని, సీడీ మీదున్న బొమ్మకూ లోపలున్న ఫైళ్ళకూ సంబంధం లేదని తెలిసినదాన్ని. అయినా కుంకుమ బొట్టు పెట్టిన ఆ సీడీని అనుమానించడానికి నాకూ చెయ్యి రాలేదు. పెట్టగానే అది తనంతట తానే తెరుచుకుంది. పాటలు బాగానే వచ్చాయి. అమ్మ చేతులు జోడించి వింది.

మూడో రోజుకు కంప్యూటర్ ఈడ్చుకుంటూ నడవడం మొదలుపెట్టింది. నాలుగో రోజు నా ఫోల్డర్లన్నీ మాయం. "అమ్మ" ఉండాల్సిన చోట అదే పేరుతో, ఫోల్డర్ బొమ్మతో ఇంకేదో ఫైలు ఉంది. నొక్కితే తెరుచుకోదు, యంత్రం బిగుసుకుపోతుంది. యాంటీవైరస్‌ను కూడా అది తెరవనివ్వలేదు.

కంప్యూటర్ డబ్బాను పాత దుప్పట్లో చుట్టి ఆటోలో పెట్టుకుని, బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటర్‌కు తీసుకుపోయాను. సెంటర్ నడిపే అన్న కాసేపు అటూ ఇటూ నొక్కి చూశాడు.

"బాగా ముదిరిందమ్మా. ఫార్మాట్ కొట్టాల్సిందే."

"లోపల మా అమ్మ పాటలుండాయన్నా."

"ఏడుండాయి? ఫోల్డర్లే కనపడకపాయె. అంతా తినేసింది. కొట్టమంటావా?"

నేను తెర వైపు చూశాను. నిజమే, ఏమీ లేదు. అయినా ఒక్క నిమిషం ఆగి ఉండాల్సింది. ఇంకొకరిని అడిగి ఉండాల్సింది. నాకు ఆ వైరస్ మీద కసి పట్టింది, దాన్ని ఆనవాలు లేకుండా చేయాలన్నదే మనసులో ఉంది.

"కొట్టన్నా" అన్నాను.

తడిగుడ్డ పెట్టి పలక తుడిచినట్టు అయిపోయింది.

ఇంటికి వచ్చి చెప్పాను. అమ్మ ఆ సమయంలో రొట్టెలకు జొన్నపిండి కలుపుతోంది. ఎట్లా వచ్చింది వైరస్ అని అడిగితే, నెట్‌లో నుంచి వచ్చిందని అబద్ధం చెప్పాను. సీడీ పేరెత్తలేదు. ఆ సీడీ ఇప్పటికీ దేవుడి అలమరలోనే ఉంది. అమ్మ నా మొహం చూసి పిండి చేతితోనే గడ్డం పట్టుకుంది.

"దానికెందుకే అంత కుమిలిపోతావు? పోతే పోయినాయి. పాడేదాన్ని నేనుండాను గదా. మళ్ళా పాడతాలే."

ఆమె ఉంది కదా. అందుకే నేనూ తొందరపడలేదు. పరీక్షలు అయ్యాక చూద్దాం అనుకున్నాను. పరీక్షలు అయ్యాక నాకు గిద్దలూరులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో చెప్పే పని దొరికింది, పొద్దున రైలుకు పోయి సాయంత్రం వచ్చేదాన్ని. ఆదివారాలు చుట్టాలు వచ్చేవాళ్ళు. తర్వాతి ఎండాకాలం ఒక మధ్యాహ్నం అమ్మ కళ్ళు తిరుగుతున్నాయని చల్లగా ఉంటుందని మధ్య గదిలో నేల మీద పడుకుంది. నాయన దుకాణం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ పిలిచాడట. పలకలేదు.

నేను రైలు దిగి వచ్చేసరికి వాకిట్లో జనం. అందరూ చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కోకుండానే లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. ఆ మట్టి పాదాల గుర్తులు చూశాకే నాకు ఏడుపు వచ్చింది.

ఆ తర్వాత కంభంలో ఒక బడిలో కంప్యూటర్ టీచరుగా చేరాను. ల్యాబులో అమ్మ పద్ధతే పెట్టాను. గుమ్మం దగ్గర ఒక పళ్ళెం, పిల్లలు పెన్ డ్రైవ్‌లు అందులో వేసి లోపలికి రావాలి. ఇది మా టీచరు చాదస్తం అని వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నవ్వితే నవ్వనీ. అట్లా ఏడేళ్ళు గడిచాయి.

ఒకరోజు కొత్తగా చేరిన లెక్కల టీచరు తన పెన్ డ్రైవ్ తెచ్చి చూపించింది. ఫోల్డర్లు మాయమై, వాటి స్థానంలో అవే పేర్లతో వేరే ఫైళ్ళు ఉన్నాయి. ఆ ఆకారాన్ని చూడగానే గుర్తుపట్టాను. "ఫార్మాట్ కొట్టాల్సిందేనమ్మా, అంతా పోయింది" అన్నాను. సెంటర్ అన్న మాటే నా నోట్లో నుంచి వచ్చింది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"ఏడికీ పోలేదక్కా. ఇది తినేది కాదు, దాచేది. చూడు."

సెట్టింగుల్లోకి పోయి, దాచిన ఫైళ్ళను చూపించమని ఉన్నచోట ఒక టిక్కు పెట్టింది. ఇంకోచోట ఒక టిక్కు తీసేసింది. ఫోల్డర్లన్నీ కొంచెం వెలిసిన రంగులో, వరసగా, ఎక్కడివక్కడే కనపడ్డాయి. తెరిస్తే అన్నీ లోపలే ఉన్నాయి.

ఆ పిల్ల ఇంకా ఏదో చెబుతోంది. నాకు వినపడలేదు. నా కంప్యూటర్‌లో వచ్చింది కూడా ఇదే. పదకొండు పాటలూ ఆ డబ్బాలోనే ఉన్నాయి. దుప్పట్లో చుట్టి ఆటోలో ఒళ్ళో పెట్టుకుని నేను పోతున్నప్పుడు అమ్మ గొంతు నా ఒళ్ళోనే ఉంది. వైరస్ వాటిని కళ్ళకు కనపడకుండా చేసిందంతే, తుడిపించింది నేను.

సాయంత్రం మార్కాపురం బస్సులో కిటికీ పక్కన కూర్చుని మబ్బును తిట్టే పాట గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. మొదటి చరణం వచ్చింది. రెండో చరణంలో సగం వచ్చింది. పక్కన కూర్చున్న పెద్దమ్మ, "ఏమ్మా, ఏడుస్తుండావా?" అని అడిగి తన సంచిలో నుంచి నీళ్ళ సీసా తీసిచ్చింది.

ఒక్క సంగతి మాత్రం ఇంతదాకా రాయకుండా దాటేశాను. మళ్ళీ పాడతాలే అని అమ్మ ఊరికే అనలేదు. ఫార్మాట్ అయి కంప్యూటర్ ఇంటికి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం, నేను అడగకుండానే కాళ్ళు కడుక్కుని, తల దువ్వుకుని, బొట్టు సరిచేసుకుని వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది. ఫ్యాను కూడా తనే ఆపింది. "పెట్టు పాపా, పాడతా" అంది.

నేను అప్పుడు కొత్త యాంటీవైరస్ ఎక్కిస్తున్నాను. టెలిఫోన్ వైరు మీద వచ్చే నెట్, చుక్క చుక్కగా దిగుతోంది. ఇంకోసారి మోసపోకూడదని పట్టుదలగా ఉన్నాను. "ఉండమ్మా, ముందు దీనికి కాపలా పూర్తిగా పెట్టనీ, ఆ తర్వాత పాడుదువు" అన్నాను. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొహం మీద చెమట కారుతోంది. తెర మీద గీత సగం కూడా నిండలేదు.

"అయిందా?" అంది.

"ఇంకా లేదు."

వెనక వీధిలో పలకలు కోసే చప్పుడు మొదలై, కాసేపుండి ఆగిపోయింది.

"అయిందా పాపా?"

"ఇంకా లేదు మా. కదిలించొద్దు, మధ్యలో ఆగిపోద్ది."

మూడోసారి కూడా అడిగింది. నేను తెర మీద నుంచి చూపు తిప్పకుండా చేత్తోనే ఆగమన్నాను. నాయనకు టీ పెట్టే వేళయింది. ఆమె లేచి, నా కోసం ఫ్యాను వేసి, వంటింట్లోకి పోయింది.

కాసేపటికి గీత నిండింది. పచ్చగుర్తు వచ్చింది. ఈ కంప్యూటర్‌కు ఇప్పుడు ఏ ప్రమాదమూ లేదని దాని అర్థం. నేను కుర్చీలో వెనక్కి వాలి సంతోషంగా కేకేశాను.

"అమ్మా, అయింది!"

"రేపు చూద్దాంలే పాపా, పాలు పొంగుతుండాయి" అని లోపలినుంచి అంది.